తుడవని డిస్కు

షాపులో ఆమెను అందరూ బ్రష్ అక్క అనేవారు. పాత కంప్యూటర్లు కొని, బాగుచేసి, మళ్ళీ అమ్మే షాపు అది. ఆమె అక్కడ మొదట చేరింది దుమ్ము దులపడానికే. ఒక పెయింటు బ్రష్షు, గాలి కొట్టే మిషను, ముక్కుకి కట్టుకునే గుడ్డ, ఇంతే ఆమె సరంజామా. కంప్యూటరు డబ్బా మూత విప్పితే లోపల ఏముంటుందో అమ్మేవాళ్ళకీ తెలియదు, కొనేవాళ్ళకీ తెలియదు. ఆమెకి తెలుసు. ఫ్యాను రెక్కలకి జిడ్డుతో అతుక్కున్న వెంట్రుకల ఉండలు, ఎండి చెక్కయిపోయిన బల్లి, బొద్దింకల గుడ్లు. ఒక డబ్బాలో అయితే ఎలుక కాపురం పెట్టి పిల్లల్ని కూడా కనేసింది. మగవాళ్ళంతా ఆమడ దూరం పరిగెత్తారు. ఆమె వాటిని ఒక అట్టముక్క మీదికి ఎత్తి, వెనక సందులో వదిలేసి వచ్చి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చుంది.

"నిన్ను పుట్టించినప్పుడు దేవుడు రోత అనేది పెట్టడం మర్చిపోయాడమ్మా," అన్నాడు యజమాని.

ఆమె నవ్వింది. నిజమే కాబోలు అనుకుంది కూడా.

ఇంట్లో ముగ్గురు. భర్త దర్జీ. నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేసీ చేసీ మాట్లాడటం మానేశాడని ఆమె వేళాకోళం. అతను మాట్లాడాల్సిన మాటలు కూడా కలిపి అత్తగారే మాట్లాడేది. ముప్పై ఏళ్ళు బట్టల మిల్లులో మిషన్ల హోరు మధ్య పనిచేసిన మనిషి. రహస్యం చెప్పినా వీధి చివరికి వినబడేది. కోడలు కంప్యూటర్ల షాపులో చేరినప్పుడు, "దుమ్ము దులపడానికి అంత దూరం పోవాలా? మనింట్లో లేదా?" అంది. ఏడాది తిరిగేసరికి ఇరుగుపొరుగుతో, "మా కోడలు చేయి పెడితే చచ్చిన కంప్యూటరు లేచి కూర్చుంటుంది," అని చెప్పుకోవడం మొదలుపెట్టింది.

ఆ చేయి తిరగడానికి కారణం మాస్టరు. షాపులో పెద్ద మెకానిక్కు అతనే. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ గొంతు లేవదు. అంత శుభ్రమైన మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు. తన గ్లాసు తనదే, తన కుర్చీ మీద ఇంకొకరు కూర్చుంటే తుడిచి గానీ కూర్చోడు. స్క్రూలు రకాలవారీగా చిన్న సీసాల్లో పోసి, వాటి మీద ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీలు అంటించేవాడు. చదువు పదో తరగతితో ఆగిపోయిన ఆమెకి ఓపిగ్గా ఒక్కొక్కటే నేర్పాడు. అతికించడం, విప్పడం, చివరికి డిస్కు తుడవడం కూడా.

"జనం డిలీట్ కొట్టేసి, చెత్తబుట్ట ఖాళీ చేసేసి పోయిందనుకుంటారు అమ్మాయ్," అన్నాడు ఒకరోజు. "పుస్తకంలో విషయసూచిక చింపేస్తే లోపలి పాఠాలు పోతాయా? అవి ఎక్కడివక్కడే ఉంటాయి. వెతికేవాడుంటే దొరుకుతాయి. పోవాలంటే ప్రతి పేజీ మీదా కొత్తగా ఏదో ఒకటి రాసేయాలి. ఆ ప్రోగ్రాం ఇదిగో. కొత్తరకం డిస్కులకి ఇది చాలదు. లోపల చక్రం తిరగదు కదా, అవి ఎక్కడ దాచుకుంటాయో వాటికే ఎరుక. వాటిని తయారుచేసినవాళ్ళే ఒక ఆజ్ఞ పెడతారు, అది ఇవ్వాలి."

"ఇంత పని ఎవరు చేస్తారు మాస్టారూ?"

"ఎవరూ చెయ్యరు," అని నవ్వాడు.

ఆ నవ్వు ఆమెకి అప్పుడు తప్పుగా తోచలేదు. తర్వాత చాలా రోజులు అదే గుర్తొచ్చేది.

షాపులోకి వచ్చిన ప్రతి కంప్యూటరుకీ ఒక నంబరు చీటీ అంటించి, డిస్కు విప్పి మాస్టరు బల్ల మీద పెట్టేవారు. తుడవడం అతని పని. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. జాగ్రత్త మనిషి అని యజమాని మురిసిపోయేవాడు.

ఒక వానాకాలం ఉదయం మాస్టరుకి జ్వరమొచ్చింది. అదే రోజు ఒక బడికి పన్నెండు కంప్యూటర్లు వెళ్ళాలి. యజమాని తల పట్టుకుని, మారు తాళంతో మాస్టరు సొరుగు తెరిచి, "నీకు వచ్చు కదమ్మా, ఈ డిస్కులన్నీ నువ్వే తుడిచెయ్యి," అని చెప్పి ముందు గదిలోకి వెళ్ళిపోయాడు.

పన్నెండూ తుడవడానికి పెట్టింది. సొరుగులో అడుగున పసుపుపచ్చ మెత్తటి గుడ్డలో చుట్టిన ఇంకొక డిస్కు కనబడింది. చీటీ లేదు. ఇదీ తుడవాల్సిందేనేమో అనుకుని తగిలించింది. తుడిచే ముందు ఏ డిస్కు తుడుస్తున్నావో రెండుసార్లు చూసుకో అని మాస్టరే నేర్పాడు. చూసింది.

వరసగా ఫోల్డర్లు. ఒక్కోదానికి నంబరు, పక్కన పేరు. పేరంటే అసలు పేరు కాదు. "బ్యాంకు మేడమ్." "డాక్టరు కోడలు." "మందుల షాపు కొత్త పెళ్ళికూతురు." "పాటల టీచరు." ఏదో పని సామాను కాబోలు అనుకుని పాటల టీచరుది తెరిచింది. లోపల మళ్ళీ రెండు ఫోల్డర్లు. ఒకటి "ఉత్తరాలు". రెండోది "బాగున్నవి".

పాటల టీచరు ఆమెకి తెలుసు. పక్క వీధి బడిలో పిల్లలకి పాటలు నేర్పుతుంది. పోయిన ఏడు పాత కంప్యూటరు ఇచ్చేసి వేరేది పట్టుకెళ్ళింది. "అన్నీ తీసేశానండీ, లోపలేం లేదు," అని తనే చెప్పింది కూడా. ఇప్పుడు తెర మీద ఆ మనిషి స్నానాలగదిలో, అద్దం ముందు, రవిక లేకుండా నిలబడి ఉంది. ఒక రొమ్ము ఉండాల్సిన చోట కుట్ల గీత. కళ్ళకింద నలుపు. అది డాక్టరుకి పంపడం కోసం తీసుకున్న ఫొటో అని గుడ్డివాడికైనా తెలుస్తుంది. దాన్నే మాస్టరు పెద్దది చేసి, చుట్టూ కత్తిరించి, "బాగున్నవి"లో దాచుకున్నాడు.

ఆమె చటుక్కున మూసేసింది. మూసేటప్పుడు జాబితా చివర ఉన్న పేరు కంటబడింది.

"బ్రష్ ఇల్లు."

రెండేళ్ళ క్రితం ఇంట్లో కంప్యూటరు చెడిపోతే మాస్టరే స్వయంగా ఇంటికొచ్చాడు. "డిస్కు చచ్చిపోయింది అమ్మాయ్, ఇది నేను పారేస్తాలే," అని పాతది తీసుకెళ్ళి, వేరేది బిగించి వెళ్ళాడు. అత్తగారు ఆయనకి కుర్చీ తుడిచి మరీ వేసింది. ఆ డిస్కులో ఏమున్నాయో ఆమెకి గుర్తొచ్చింది. ఆ ఏడు అత్తగారికి తుంటి కింద పెద్ద కురుపు లేచి, చీము పట్టి, నడవలేకపోయింది. ఆసుపత్రికి రోజూ తీసుకెళ్ళలేక, ముసలామె సిగ్గుతో చచ్చిపోతూ గోడ వైపు తిరిగి పడుకుంటే, తనే ఫొటోలు తీసి డాక్టరుకి పంపేది.

తెరిచింది. అవన్నీ ఉన్నాయి. అవి దాచిన లోపలి ఫోల్డరుకి మాస్టరు పెట్టిన పేరు "నవ్వుకి".

వెనక సందులో కుళాయి దగ్గరకి వెళ్ళి పొద్దున తిన్నదంతా కక్కేసింది. నోరు పుక్కిలించింది. చేతులు కడిగింది, మళ్ళీ కడిగింది. ఎలుక పిల్లల్ని ఎత్తిన చేతులకి ఇప్పుడు మౌసు ముట్టుకోవడానికి ఒళ్ళు జలదరించింది. అతని కుర్చీ, అతని గ్లాసు, ముత్యాల్లాంటి ఆ చీటీలు, అన్నిటి మీదా జిగటగా ఏదో కారుతున్నట్టు అనిపించింది. ఇన్నాళ్ళూ ఆ చేతులే తన చేయి పట్టుకుని స్క్రూ ఎలా తిప్పాలో నేర్పాయి.

తిరిగొచ్చి తుడిచే ప్రోగ్రాం ఆ డిస్కు మీద పెట్టింది. "ఖాయమేనా?" అని అడిగింది తెర. ఒక్క మీట నొక్కితే చాలు, అరవై మూడు ఫోల్డర్లు మూడు గంటల్లో మాయం. వేలు మీట మీద పెట్టి అలాగే ఉండిపోయింది. ఆడవాళ్ళ ఒళ్ళు ఒక్క నిమిషం కూడా ఇంకా అక్కడ ఉండకూడదు అనిపించింది. అంతలోనే, తుడిచేశాక ఇదంతా జరిగిందంటే నమ్మేవాడెవడు అనిపించింది.

వేలు తీసేసి యజమానిని పిలిచింది. ఫోల్డర్ల పేర్లు మాత్రం చూపించి, లోపలేముందో నోటితో చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది. ఒక్క క్షణం ఆమెకి ధైర్యం వచ్చింది. ఆయన లేచి వెళ్ళి షట్టరు సగానికి దించి వచ్చాడు.

"తుడిచెయ్యి."

"సార్?"

"తుడిచెయ్యమ్మా, నీ పని అదే కదా. ఇది బయటికి పొక్కిందంటే రేపు షాపు గుమ్మం ఎక్కేవాడుండడు. ఆయన్ని నేను పిలిచి గట్టిగా మందలిస్తాను."

"మందలిస్తారా?"

"మరేం చెయ్యమంటావు? ఇరవై ఏళ్ళ మనిషి. పనిలో అలాంటివాడు మళ్ళీ దొరుకుతాడా?"

ఇంకో పనివాణ్ణి వెతుక్కోవాలనే ఆయన బెంగ. ఆయన ముందు గదిలోకి వెళ్ళగానే ఆమె డిస్కు ఊడబీకి, ఆ పసుపు గుడ్డని అక్కడే వదిలేసి, తన భోజనం సంచిలో వేసుకుంది. అందులో క్యారియరు కూడా ఉంది. దారిలో ఒక్క ముద్ద కూడా తినకుండా ఆ తిండంతా చెత్తకుండీలో కుమ్మరించింది.

అత్తగారికి చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. గుమ్మంలో కూర్చుని చెప్పింది, ముఖం చూడలేక గచ్చు వైపు చూస్తూ. లోపల గదిలో కుట్టుమిషను ఆగిపోయింది.

"నా కురుపు చూసి వాడికేం వచ్చిందే?" అంది అత్తగారు.

"నవ్వుకోడానికట అత్తయ్యా."

"నవ్వుకోడానికా?" ముసలామె నోట మామూలుగా బయల్దేరే తిట్లేవీ రాలేదు. "నేను వాడికి కుర్చీ వేశాను కదే. మంచినీళ్ళిచ్చాను."

"తుడిచేద్దామనుకున్నాను అత్తయ్యా. మీరు ఊ అంటే ఇప్పుడే తుడిచేస్తాను. ఇక ఎవరూ చూడరు."

"తుడిస్తే ఎవడు శుభ్రమవుతాడు? వాడు. రేపు మళ్ళీ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంకొకరింటికి పోతాడు. తుడవకు."

చీకటి పడకముందే మాస్టరు వచ్చాడు. యజమాని ఫోను చేసి ఉంటాడు. జ్వరానికి మెడ చుట్టూ గుడ్డ చుట్టుకున్నాడు, అయినా చొక్కా ఇస్త్రీ నలగలేదు. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"అమ్మాయ్, నా డిస్కు పొరపాటున నీ సంచిలో వచ్చేసిందట."

"పొరపాటున రాలేదు మాస్టారూ."

"చూడు. నేనెవరికైనా చూపించానా? అమ్ముకున్నానా? ఎవరినైనా బెదిరించానా? ఒంటరిగా ఉండేవాణ్ణి, చూసుకున్నాను. అంతే. వాళ్ళే పారేసుకున్నారు. వీధిలో పారేసింది ఏరుకుంటే దొంగతనమా?"

అరిచి ఉంటే, కాళ్ళ మీద పడి ఉంటే, ఆమెకి ఇంత అసహ్యం వేసేది కాదేమో. కంప్యూటరు పాఠం చెప్పినంత నిమ్మళంగా చెప్పాడు. ఏ తప్పూ చెయ్యనివాడిలాగే ఆమె కళ్ళలోకి చూశాడు.

"పారేస్తానని చెప్పి మా ఇంట్లోంచి పట్టుకెళ్ళారు," అంది ఆమె. "దానికి నవ్వుకి అని పేరు పెట్టుకున్నారు."

అప్పుడు అత్తగారు గోడ పట్టుకుని లేచి గుమ్మంలోకి వచ్చింది.

"చూశావు కదా నాయనా. బాగుందా?"

మాస్టరు తల దించుకున్నాడు.

"నవ్వొచ్చిందా? ఏదీ, ఇప్పుడు నవ్వు. నేను ఇక్కడే నిలబడ్డాను, నా ఎదురుగా నవ్వు." మిల్లు గొంతు వీధంతా మోగింది. ఎదురింటి తలుపులు తెరుచుకున్నాయి. "నవ్వవేం? కురుపు బట్టల కింద ఉంటేనే నవ్వొస్తుందా నీకు?"

మాస్టరు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఏనాడూ మాటకి ముందుకురాని భర్త కత్తెర పట్టుకుని తల్లి వెనక వచ్చి నిలబడ్డాడు. "వెళ్ళండి," అన్నాడు. ఆ ఒక్క మాట చాలింది.

మర్నాడు పొద్దున్నే ఆమె పాటల టీచరు ఇంటికి వెళ్ళింది. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంది, అనుకున్నది ఒక్కటీ నోటికి రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. టీచరు చేతిలో నీళ్ళ గ్లాసు ఉంది. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టింది.

"నువ్వు చూశావా?" అని అడిగింది.

ఆమె ఆ ప్రశ్నకి సిద్ధపడి రాలేదు. లేదని చెప్పొచ్చు. ఎవరికి తెలుస్తుంది?

"చూశానండీ. ఒక్కటి. ఏముందో తెలియక తెరిచాను. నన్ను క్షమించండి."

"నా భర్తకి కూడా చూపించలేదు నేను," అంది టీచరు. కిటికీ దగ్గరకి వెళ్ళి అటు తిరిగి నిలబడింది. భుజాలు కదిలాయి. "అన్నీ డిలీట్ చేశాను. రెండుసార్లు చూసుకున్నాను కూడా. ఇంకేం చెయ్యాలి మనిషి?"

"మీ తప్పు లేదండీ. చూడకుండా వదిలెయ్యాల్సింది వాడు."

స్టేషన్‌కి వెళితే అక్కడ ఇంకెందరు చూస్తారో అని టీచరు భయపడింది. ఆ భయం ఆమెకీ ఉంది, లేదని అబద్ధం చెప్పలేదు. "మీరు వద్దంటే మీ ఫోల్డరు ఒక్కటి ఇప్పుడే, మీ ముందే, లేకుండా చేస్తాను," అంది. టీచరు ముఖం కడుక్కుని వచ్చి, చెప్పులు వేసుకుంది. "పద. మిగతా అరవై మందికి చెప్పేవాళ్ళెవరున్నారు?" అంది.

స్టేషన్‌లో ఒక ఆడ ఆఫీసరు దొరకడం వాళ్ళ అదృష్టం. డిస్కుని కవరులో పెట్టి, లక్క వేసి, ఇద్దరి చేతా సంతకం చేయించింది. బల్ల చుట్టూ మూగిన మగ సిబ్బందిని, "మీకేం పని ఇక్కడ?" అని కసిరింది. వాళ్ళు వెళ్ళారు గానీ, ఒకడు గుమ్మం దగ్గర ఆగి, "ఏముందిట అందులో?" అని పక్కవాడిని అడగడం ఆమె చెవిన పడింది. పడగానే ఒళ్ళంతా చీదరేసింది. ఈ చీదర ఇక ఒక చోటిది కాదు అనిపించింది.

తర్వాత జరిగినవి కొన్ని బాగున్నాయి, చాలావరకు బాగాలేవు. అరవై మూడు ఇళ్ళకి కబురు వెళితే పంతొమ్మిది మందే ముందుకొచ్చారు. ఒకామె ఫోనులో, "పుండు ఎందుకు కెలికావు? తెలియకపోతే హాయిగా ఉండేదాన్ని," అని ఏడ్చింది. ఒకాయన భార్యనే తిట్టాడట, అలాంటి ఫొటోలు అసలెందుకు తీసుకున్నావని. మాస్టరు కొన్నాళ్ళు లోపల ఉండి బెయిలు మీద వచ్చాడు. కేసు నడుస్తూనే ఉంది. షాపు యజమాని బోర్డు మార్చి, రంగులు వేయించి, ఆ దొంగని పట్టించింది తనే అని వచ్చినవాళ్ళకి చెప్పుకుంటున్నాడు. ఆమెను మాత్రం మళ్ళీ రానివ్వలేదు. రమ్మన్నా ఆమె వెళ్ళేది కాదు.

ఇప్పుడు ఆమె ఇళ్ళకి వెళ్ళి తుడుస్తుంది. మొదట పాటల టీచరు తన బడిలో వాళ్ళకి చెప్పింది, వాళ్ళు ఇంకొకరికి చెప్పారు. డిస్కు ఇంటి గడప దాటకూడదు, అదొక్కటే ఆమె నియమం. పాత కంప్యూటరు అమ్మేవాళ్ళ పక్కన కూర్చుని, కావలసినవి వేరేచోట దాచుకోమంటుంది, తెరిచి ఉంచిన ఖాతాలన్నీ మూయిస్తుంది, ఆ తర్వాతే తుడవడం మొదలు. చక్రం తిరిగే డిస్కుకి ఒక పద్ధతి, కొత్తరకం దానికి ఒక పద్ధతి. అసలు పలకనే పలకని డిస్కులకి మూడో పద్ధతి ఉంది. అది అత్తగారి శాఖ. పెరట్లో పీట వేసుకుని, కొడుకు కళ్ళజోడు పెట్టుకుని, లోపలి బిళ్ళలు వంగి సొట్టలు పడేదాకా సుత్తితో బాదుతుంది. "దీని దుంప తెగ" అంటూ ఒక్కో దెబ్బకి ఒక్కో తిట్టు. ఇచ్చినవాళ్ళు పక్కనే నిలబడి చూడాలి.

మొన్న ఒక పెద్దాయన పిలిచాడు. సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరైన మనిషి. భార్య పోయాక ఆ ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. కంప్యూటరు తన చెల్లెలి మనవరాలికి ఇవ్వాలట. ఆమె బల్ల ముందు కుర్చీ లాగబోతుంటే ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"ఒక్క మాట అడుగుతానమ్మా, ఏమీ అనుకోకు. ఇందులో మా ఆవిడ చివరి రోజులవన్నీ ఉన్నాయి. మీ షాపు సంగతి నాకు తెలుసు. నువ్వు మాత్రం చూడవని నాకేంటి నమ్మకం?"

ఆమె ముఖం వేడెక్కింది. ఇంత చేశాక తనని కూడా వాడి గాటనే కట్టేస్తారా అని కోపం వచ్చింది. సంచి తీసుకుని వచ్చిన దారిన వెళ్ళిపోదామనిపించింది. కుర్చీకి అడ్డంగా ఉన్న ఆ ముసలి చేతిని చూసి ఆగిపోయింది.

"ఏ నమ్మకమూ లేదు బాబాయ్‌గారూ," అంది. "నన్ను నమ్మకండి. కుర్చీలో మీరే కూర్చోండి. నేను ఇటు గోడ వైపు నిలబడి చెబుతాను, మీట మీరే నొక్కండి."

ఆయన కూర్చున్నాడు. ముందు ఒక ఫొటో తెరిచి చాలాసేపు చూసుకున్నట్టున్నాడు, గదిలో ఏ చప్పుడూ లేదు. ఆమె గోడకున్న క్యాలెండరు కేసి చూస్తూ నిలబడింది. తర్వాత ఆయన గొంతు సవరించుకుని, "ఊ, చెప్పమ్మా," అన్నాడు. ఆమె ఒక్కొక్క మెట్టే చెప్పింది, ఆయన ఒక్కొక్కటే నొక్కాడు.